ఇంకో పేజీ ఉంది నాన్నా

జనవరి 9

అక్కకి,

'ఇక్కడ అందరం క్షేమం' అని మొదలుపెట్టడానికి చెయ్యి రావడం లేదు కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను. అవసరం పడితేనే అక్క గుర్తొస్తుందా అంటావు. అవును, అవసరమే పడింది.

నీ మేనకోడలు నిన్న బడిలో ఒక పిల్ల ముందుపళ్ళు రెండు రాలగొట్టింది. గండుపిల్లిలా ఉందని చిన్నప్పుడు 'గండు' అని పిలిచాం, పేరుకు తగ్గట్టే తయారైంది. పద్నాలుగేళ్ళకే నా భుజం దాటింది. టీచరమ్మ లేపి పాఠం పైకి చదవమందట. ఒత్తక్షరం కనిపిస్తే ఇది కంచె ముందు గుర్రంలా ఆగిపోతుంది. ఆగింది. వెనక బెంచీ పిల్ల దీని గొంతు పెట్టి నత్తినత్తిగా వెక్కిరించింది. ఇది పుస్తకం మూసి, వెనక్కి తిరిగి, అదే పుస్తకం అంచుతో దాని మూతి మీద కొట్టింది. ఒక్కటే దెబ్బ. చదవడంలో ఉన్న తడబాటు కొట్టడంలో లేదు. మన రక్తం కదా.

హెడ్మాస్టరు పిలిపించి, "వేసవి సెలవులయ్యాక బడి తెరవగానే చదివే పరీక్ష ఉంది. అందులో తప్పితే ఈ అమ్మాయిని ఉంచుకోలేం. ఇంట్లో చదివించండి" అన్నాడు. చదివిస్తూనే ఉన్నానండీ అన్నాను. అబద్ధం కాదు. రోజూ కబేళా నుంచి వచ్చి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, దాన్ని ఎదురుగా కూర్చోబెడతాను. బల్ల మీద పుస్తకం, పుస్తకం పక్కన కత్తులు పదును పెట్టుకునే తోలుపట్టా. తప్పుకి ఒకటి. రెండు నెలలుగా ఇదే వరస. మొదట్లో పేజీకి పది తప్పులు చదివేది, ఇప్పుడు ఇరవై. అరచేతులు వాచి పెన్ను పట్టుకోలేకపోతోందని మీ మరదలి గోల. "అది అక్షరాలు చూస్తోందా, నీ చెయ్యి చూస్తోందా?" అంటుంది.

నా పని నీకు తెలియనిది కాదు. దున్న నుదుటిలో మేకు దిగి అది కూలేలోపు గొంతు కోయాలి. క్షణం ఆలస్యమైతే కళ్ళు తెరుస్తుంది. పోయిన వారం ఒకటి తెరిచింది. పక్క బల్లవాడి పక్కటెముకలు మూడు లోపలికి పోయాయి. ఇంత జంతువునీ భయపెట్టి నడిపిస్తాం. ఈ పిల్ల మాత్రం భయపెట్టిన కొద్దీ మొండికేస్తోంది. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు, ఇది మానైపోతోంది. నువ్వు పొద్దస్తమానం పుస్తకాల మధ్య ఉంటావు. దీన్ని చదివించే దారి ఏదో చెప్పు.

నీ తమ్ముడు


జనవరి 17

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం మొదటిసారి నిలబడి చదివాను. రెండోసారికి కూర్చోవలసి వచ్చింది.

ముందు ఆ తోలుపట్టా బల్ల మీంచి తియ్యి. మరదలు అన్నదాంట్లో తప్పేముంది? ఎదురుగా కరిచే కుక్క ఉంటే దారి పక్క పూలు ఎవరు చూస్తారు? మొక్కని వంచినట్టు పిల్లని వంచడం నీ పని కాదు.

నేను చెప్పేవి వినడానికి తేలిక, చెయ్యడానికి కష్టం. ఇంత పెద్దపిల్లకి చదివి వినిపించడమేంటి అనుకోకు. ఒక పేజీ నువ్వు చదువు, ఒక పేజీ అది చదువుతుంది. తడబడితే ఆ మాట అందించి ముందుకు పో. 'దీని అర్థం ఏంటి?' అని నిలదీయకు, 'తర్వాత ఏమైంది?' అని అడుగు. నచ్చని పుస్తకం సగంలో వదిలేస్తే వదిలెయ్యనీ. నచ్చిన పుస్తకం నీకు చెత్తగా కనిపించినా నోరు కట్టుకో. అన్నిటికీ ముందు, ఇంట్లో ఎవరో ఒకరు చదువుతూ దాని కంటపడాలి. నీ చేతిలో పుస్తకం అది ఎప్పుడైనా చూసిందా?

పుస్తకాల మధ్య ఉంటానన్నావు. అవన్నీ గాయపడ్డవేరా. గ్రంథాలయం వెనకగదిలో నా బల్ల. వీపు విరిగినవీ అట్టలూడినవీ వస్తాయి. దబ్బనంతో పొడిచి, దారం వేసి, జిగురు రాసి, బరువు పెడతాను. పోయిన వారం ఒక ముసలాయన బొమ్మల పేజీలు బ్లేడుతో కోస్తూ దొరికాడు. కాపలావాళ్ళిద్దరు హాలు మధ్యలోనే పట్టుకుని కొట్టారు. చెప్పులతో మొదలుపెట్టి కుర్చీ కాలిదాకా వెళ్ళారు. ఆయన ముక్కు పగిలి రక్తం పక్షుల పుస్తకం మీద చిమ్మింది. చదువుకునేవాళ్ళు నలభై మంది తలెత్తి చూశారు, మళ్ళీ దించుకున్నారు. నేనూ తలుపు దగ్గర నిలబడి చూసి, నా బల్ల దగ్గరికి వెళ్ళిపోయాను. తర్వాత ఆ పుస్తకం నా బల్లకే వచ్చింది. కొంగ రెక్క మీంచి రక్తం తుడిచాను గానీ మరక పూర్తిగా పోలేదు.

చదివితే మంచివాళ్ళైపోతారని ఎవరైనా చెబితే నమ్మకు. నేను అందుకని చదివించమనడం లేదు. ఉన్న ఇంట్లో ఊపిరాడనప్పుడు దూరడానికి ఇంకో గది ఉంటుంది, అంతే.

గ్రంథాలయం తీసేసిన పుస్తకాలు మూడు కుట్టి పంపుతున్నాను. రాకుమారి కథలు, కుస్తీవీరులు, పాముల పుస్తకం. బల్ల మీద పడేసి ఊరుకో. చదవమనకు.

అక్క


ఫిబ్రవరి 20

అక్కకి,

నువ్వు చెప్పినట్టే పట్టా తీసేశాను. పుస్తకాలు బల్ల మీద పడేశాను. ఒక పేజీ నేను చదవాలన్నావు చూడు, అది మాత్రం కుదరదు. ఎందుకని అడగకు.

రాకుమారి పుస్తకాన్ని మొదటిరోజే పొయ్యి దగ్గరికి విసిరింది. కుస్తీ పుస్తకంలో బొమ్మలు చూసి వదిలేసింది. పాముల పుస్తకం మాయమైంది. మంచం కింద దాచుకుందని మీ మరదలు చెప్పింది. నీ మాట మీద గౌరవంతో నోరు కట్టుకున్నాను. పన్నెండు రోజులు కట్టుకున్నాను అక్కా, అది నాకు తక్కువ కాదు.

పదమూడో రోజు పని నుంచి వచ్చేసరికి కుడిచేత్తో తింటూ ఎడమచేత్తో పేజీ తిప్పుతోంది. వాళ్ళమ్మ మూడుసార్లు పిలిచినా తల ఎత్తలేదు. వంగి చూశాను. కాటేసిన కాలు ఎలా నల్లబడుతుందో, ఎన్ని గంటలకి ఊపిరి ఆగుతుందో రాసి ఉంది, పక్కన బొమ్మ. "పరీక్షకి ఇదా చదివేది?" అని పుస్తకం లాగాను. వదల్లేదు. ఇంకా లాగాను. నువ్వు వేసిన కుట్టు తెగి పుస్తకం రెండు ముక్కలైంది. అప్పుడది నన్ను చూసిన చూపుకి నా చెయ్యి లేచింది. గూబ మీద కొట్టాను. అది వెళ్ళి ద్వారబంధానికి తగిలి పెదవి చీలింది. రెండో దెబ్బకి చెయ్యి ఎత్తేలోపు ఆ చెయ్యే పట్టుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొరికింది. పళ్ళకి ఎముక తగిలేదాకా వదల్లేదు. మీ మరదలు దాని ముక్కు మూస్తే ఊపిరాడక వదిలింది.

కత్తి పట్టే చెయ్యి అది. నాలుగోరోజుకి చీము పట్టి మోచెయ్యి దాకా ఉబ్బింది. కోసి శుభ్రం చేశారు. తొమ్మిది రోజులు పనిలేదు. కబేళా మేస్త్రీ నా బల్ల దగ్గర ఇంకొకడిని నిలబెట్టాడు. వాడు సరిగ్గా కొయ్యడు, అరుపులు వీధిలోకి వినిపిస్తున్నాయి.

దారి చూపించమంటే గోతిలోకి తోశావు. ఆ పిల్లకి విషం ఎలా ఎక్కుతుందో నేర్పింది నీ పుస్తకమే.

తమ్ముడు

(ఎడమచేత్తో రాశాను. అర్థం కాకపోతే పోనీ.)


మార్చి 2

తమ్ముడికి,

నెలరోజులకి ఒక జవాబు. పిల్ల సంగతి నీకు అంత తొందరగా ఉంది కాబోలు.

నీ చేతికి జాలిపడాలా? పద్నాలుగేళ్ళ పిల్ల, అదీ అక్షరం చూస్తే ఆగిపోయే పిల్ల, అమ్మ పిలుపు వినపడనంతగా చదువుతోందిరా! దానికోసం తల్లిదండ్రులు ఏళ్ళూ పూళ్ళూ ఎదురుచూస్తారు. నీ ఇంటికి అది నడిచొచ్చింది. నువ్వు దాన్ని రెండు ముక్కలు చేసి గూబ మీద కొట్టావు.

నీ ఉత్తరం చదువుతుంటే నాన్న గొంతే వినిపించింది. పరీక్షకా, పనికా, ఆడపిల్లకి ఇదెందుకు అనే ఆ గొంతు. నా పుస్తకాలు ఏడూ ఒక్కొక్కటే పొయ్యిలో పెడుతూ నన్ను చూడమన్నాడు. గుర్తుందా? ఎలా గుర్తుంటుంది, నీకు పదకొండేళ్ళు. నేను పదిహేడేళ్ళకి వెళ్ళిపోయాను గనక బతికాను. నువ్వు ఆయన దగ్గరే ఉండి, ఆయన కత్తితో పాటు ఆయన చెయ్యి కూడా తీసుకున్నావు.

పిల్లని నా దగ్గరికి పంపు. పంపకపోతే నేనే వచ్చి తీసుకెళ్తాను. అడ్డమొస్తే నీకు తెలియని అక్కని చూస్తావు.

అక్క


మార్చి 21

అక్కకి,

ఆలస్యం అన్నావు. నీ ఉత్తరం చదవడానికి నాకు తొమ్మిది రోజులు పడుతుంది. రాయడం వేరు, రాసేటప్పుడు మాటలు నావి. అచ్చు గానీ ఇంకొకరి రాత గానీ ముందు పెట్టుకుంటే నాలుగు వరసలకి కడుపులో తిప్పుతుంది. కక్కుకుని వచ్చి మళ్ళీ కూర్చుంటాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను. చెప్పాక ఇక ఉత్తరాలొద్దు.

నువ్వు వెళ్ళిన రోజు నీ సంచీ బస్సుల దగ్గరికి మోసింది నేనే. "నాన్న పడుకున్నాడు, చప్పుడు చెయ్యకుండా ఇంటికి పో" అన్నావు. వచ్చి చూస్తే వెనక కొట్టంలో నాన్న రక్తంలో కూర్చుని ఉన్నాడు. గొడ్డలి జారి మడమ పైన తెగిందన్నాడు. ఇరుగుపొరుగు మంచం మీదికి చేర్చారు.

నాలుగోరోజు పిలిచాడు. "అది ఎక్కడికి పోయింది?" "తెలీదు నాన్నా." "దగ్గరికి రా." కాలికి కట్టు, లేవలేడు. నేను పారిపోవచ్చు. వీధి తలుపు తెరిచే ఉంది. పారిపోలేదు అక్కా. రమ్మంటే వెళ్ళాను. జుట్టు పట్టుకుని కత్తి పిడితో ఎడమ చెవి మీద కొట్టాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ తెలీదన్నాను. మూడుసార్లు. మూడోసారికి చెవిలోంచి రక్తం మెడ దాకా కారింది, చొక్కాలో దాచుకున్న నీ పుస్తకం జారి కిందపడింది. పొయ్యిలో పడకుండా మిగిలిన ఎనిమిదోది, నువ్వే ముందు నాకు ఇచ్చావు. దాన్ని నా నోట్లో కుక్కాడు. కాగితం మింగేదాకా వదల్లేదు.

ఎడమ చెవి ఆ రోజుతో పోయింది. నీ ఊరి పేరు మాత్రం నా నోట్లోంచి రాలేదు. ఆయన మళ్ళీ నిలబడలేకపోయాడు గనక కత్తి నేను పట్టాను. బడిలో పేరు కొట్టేశారు. చచ్చేదాకా ఆయన్ని ఎత్తి స్నానం చేయించింది నేను. తొమ్మిదేళ్ళ కిందట పోయాడని రాస్తే నువ్వు రాలేదు.

ఆయన చెయ్యి తీసుకున్నానన్నావు. ఆ చెయ్యి పడ్డది నా మీదే. నీ మీద కాదు.

తమ్ముడు

(చివరి కాగితం వెనక, వంకర అక్షరాలతో:)

అతా, నాన చెవి సంగతి నాకు తెలీదు. ఉతరం డబాలో వెయమని ఇచాడు. దారిలో మెటు మీద కూచుని చదివాను. మొతం చదివాను. ఇంకా ఏం జరిగిందో రాయి. నాకు రాయి.


ఏప్రిల్ 3

గండూ,

కవరు మీద నీ పేరే రాశాను. ఒత్తులు లేకపోయినా నువ్వు రాసిన ప్రతి మాటా నాకు అర్థమైంది. నేను రాసింది నీకు అర్థమవుతుందో లేదో చూద్దాం.

మూడు రోజులు ఆలోచించాను, ఇది నీకు రాయొచ్చా అని. అడిగావు గనక రాస్తున్నాను. ఒక షరతు. నాన్నని కూర్చోబెట్టి, అమ్మ కూడా ఉండగా, నువ్వే పైకి చదువు. తడబడితే తడబడు. వెక్కిరించేవాళ్ళు ఎవరూ లేరు. ఆయన లేచి వెళ్ళిపోతే ఆపెయ్యి, తిరిగొచ్చాక ఆపిన చోట మొదలుపెట్టు. రాయి దొరికితే విసరాలనిపిస్తుంది ఆయనకి. రాళ్ళు దూరంగా పెట్టు.

మీ తాత నా పుస్తకాలు వెనక కొట్టంలోని పొయ్యిలో పెడుతున్నాడు. మొదటిది కాలింది. రెండోది కాలింది. ఆరూ అలాగే కాలాక, ఏడోది అంటుకోక పొగ వస్తుంటే వంగి ఊదాడు. నా వైపు వీపు పెట్టి వంగాడు. గోడకి చిన్నగొడ్డలి వేలాడుతోంది. జంతువు కింద పడాలంటే ఎక్కడ కొట్టాలో మాకు ఆయనే నేర్పాడు. మడమ పైన, లావుపాటి నరం ఉంటుంది చూడు, అక్కడ. నేను అక్కడే కొట్టాను.

గొడ్డలి జారలేదు తమ్ముడూ. ఆయన అరవలేదు కూడా. కింద కూర్చుండిపోయి కాలు రెండు చేతులతో పట్టుకుని నన్ను చూశాడు. ఇంకోటి వేద్దామా అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. మెడ అందేంత దూరంలోనే ఉంది. పొయ్యిలోంచి ఆ ఏడో పుస్తకం తీద్దామని చెయ్యి పెట్టాను, కాలింది, అప్పుడు గొడ్డలి వదిలేశాను.

వెళ్ళిపోదామని పొద్దున్నే నీ చేతికిచ్చిన సంచీతో నువ్వు వీధి చివర నిలబడి ఉన్నావు. నా లంగా అంచు నిండా రక్తం. నువ్వు చూశావు, అడగలేదు. మన ఇంట్లో రక్తం చూసి ఎవరూ అడగరు కదా. నాన్న పడుకున్నాడని చెప్పి నిన్ను ఆయన దగ్గరికే పంపాను. నిన్ను కూడా బస్సెక్కించి ఉండొచ్చు. చేతిలో ఒక్క టికెట్టుకే ఉంది అని ముప్ఫై రెండేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. అసలు సంగతి, నిన్ను తీసుకెళ్ళాలని ఆ నిమిషంలో తట్టనే లేదు.

కూతురు కొట్టిందని చెప్పుకోలేక ఆయన నెపం గొడ్డలి మీద పెట్టాడు. నాకు పడాల్సినవి నీకు పడ్డాయి. అంత్యక్రియలకి రాలేదన్నావు. ఏ మొహం పెట్టుకుని ఆ కాలు చూడను?

గండూ, ఇంత దూరం చదివావంటే నీకు చదవడం వచ్చు. రాదని ఎవరన్నా నమ్మకు.

అత్త


ఏప్రిల్ 22

అక్కకి,

ఉత్తరాలొద్దన్నాను. రాస్తున్నాను.

సెలవురోజు మధ్యాహ్నం పిల్ల వచ్చి, "నాన్నా కూర్చో, అత్త ఉత్తరం వచ్చింది, నేను చదవాలట" అంది. ఇటు తెమ్మని చెయ్యి చాపాను. "నా పేరు మీద వచ్చింది" అంది. మీ మరదలు కుట్టుపని పక్కన పెట్టి కూర్చుంది. రోలు, పొత్రం, సానరాయి అన్నీ ముందే బయట పెట్టి ఉన్నాయి, ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఆ నాలుగు కాగితాలు చదవడానికి రెండున్నర గంటలు పట్టింది. 'గొడ్డలి' దగ్గర ఆగింది. గొ అంది, మళ్ళీ గొ అంది. పట్టా ఉన్న రోజుల్లో అయితే నా చెయ్యి లేచేది. ఆ రోజు నేనే చెప్పాను, 'గొడ్డలి' అని. చెప్పి, ఆ తర్వాత వాక్యం విన్నాను.

ఏం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు, మీ మరదలు చెప్పింది రాస్తున్నాను. లేచి పెరటి తలుపుని పిడికిళ్ళతో కొట్టానట. పై బందు ఊడింది. కింది బందు ఊడేదాకా కాలితో తన్నానట. చేతి పుండు పగిలి తలుపంతా రక్తం. మీ మరదలు మూలకి వెళ్ళిపోయింది. పిల్ల లేవలేదట. కాగితం మడవకుండా పట్టుకుని కూర్చుందట. నాకు గుర్తున్నది దాని గొంతు ఒక్కటే.

"ఇంకో పేజీ ఉంది నాన్నా. చదవనా, వద్దా?"

పడిపోయిన తలుపు మీదే కూర్చుని చదవమన్నాను.

ముప్ఫై రెండేళ్ళు ఆ గొడ్డలిని తిట్టుకున్నాను అక్కా. అది జారకపోతే నాన్న నిలబడేవాడు, ఆయన నిలబడితే నేను ఏడో తరగతికి వెళ్ళేవాణ్ణి, ఈ కబేళా వాసన నాకు అంటేది కాదు అని. జారలేదని ఇప్పుడు చెబుతున్నావు, అదీ నా కూతురి నోటితో. అంత ధైర్యం ఉన్నదానివి నాకు రాయలేకపోయావా? పసిదాని చేత చదివిస్తావా?

ఇదే అడిగితే పిల్ల ఏమందో తెలుసా? "నీకు రాస్తే నువ్వు చదివేవాడివా?" అంది.

మర్నాడు కబేళాలో నా బల్ల నాకు ఇవ్వనన్నాడు మేస్త్రీ. చెయ్యి వణుకుతోందన్నాడు. నా చోట నిలబడ్డవాడు పళ్ళికిలించాడు. తలతో వాడి ముక్కు మీద కొట్టాను. ఇద్దరం రక్తపు కాలవలో దొర్లాం, నలుగురు లాగారు. బల్ల తిరిగొచ్చింది. గొప్పకి రాయడం లేదు. ఆ దెబ్బ వాడికి కాదు, నీకు. వాడు ఎదురుగా ఉన్నాడు, నువ్వు లేవు, అంతే తేడా.

నీ మీద కోపం పోలేదు. పోయిందని రాయను. కానీ ఆయన మెడ అందేంత దూరంలో ఉందన్నావు చూడు, ఆ ముక్క పిల్ల చేత రెండుసార్లు చదివించుకున్నాను. నాకూ స్నానం చేయించేటప్పుడు ఎన్నోసార్లు అందింది.

తమ్ముడు


మే 1

తమ్ముడూ,

క్షమించమని అడగను. నువ్వు ఇవ్వలేనిది అడిగి ఇబ్బంది పెట్టడం ఎందుకు. పిల్లని తీసుకెళ్తానని బెదిరించాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ ఇంట్లో చదివేవాళ్ళు ఒకరు తయారయ్యారు. దాన్ని ఇంకో ఊరికి మార్చడం దేనికి?

నీకు కడుపులో తిప్పడం నీ తప్పు కాదు. నువ్వు పుస్తకం పట్టుకోనక్కర్లేదు. విను. వినేవాడు ఉంటే చదివేవాళ్ళకి అదే సగం బలం. మధ్యలో తప్పులు పట్టకు. ఆవులించకు కూడా.

ఒక హత్యల నవల పంపుతున్నాను. కొండ మీద ఇల్లు, వర్షం, తొమ్మిది మంది, ఒక్కొక్కరే పోతుంటారు. పరీక్షకి పనికిరాదు. మర్యాదస్తులు చదవదగ్గది కాదని మా లైబ్రేరియన్ పక్కన పడేస్తే తెచ్చాను. అట్ట గట్టిగా వేశాను. లాగినా చిరగదు.

అక్క


జూన్ 6

అక్కకి,

పరీక్ష అయింది. ముందు ఆ కబురు.

హెడ్మాస్టరు, ఇద్దరు టీచర్లు, క్లాసంతా ఎదురుగా కూర్చున్నారట. గండు లేచి చదివింది. మొదటి పేరా ఈదుకుంటూ గట్టెక్కింది. రెండో పేరాలో ఏదో మాట దగ్గర ఆగింది. పళ్ళు రాలిన పిల్ల స్నేహితురాలు కిసుక్కున నవ్వింది. ఇది పుస్తకం కింద పెట్టలేదు. ఎడమచేత్తో పుస్తకం పట్టుకునే, కుడిచేత్తో ఆ పిల్ల జుట్టు పట్టుకుని తల బెంచీకి ఆనించి, అలాగే అదిమి పట్టుకుని మిగతా పేరా అంతా చదివి, ఫుల్‌స్టాప్ దాకా వచ్చి అప్పుడు వదిలింది. చదివినందుకు పాసు చేశారు. అదిమినందుకు మూడు రోజులు బడికి రావద్దన్నారు.

హెడ్మాస్టరు నన్ను పిలిచి, "ఇంట్లో ఈ పిల్లకి శిక్ష ఏం వేస్తారు?" అని అడిగాడు. నాకు తెలిసిన శిక్ష ఒక్కటే. "కనుక్కుని చెబుతానండీ" అన్నాను. ఆయన వింతగా చూశాడు. ఆ నవ్విన పిల్ల ఇంటికి నేనూ గండూ వెళ్ళాం. అక్కడ అది ఏం మాట్లాడిందో నేను వినలేదు, గుమ్మం దగ్గరే ఉండిపోయాను. బయటికి వచ్చేటప్పుడు మాత్రం చెంప ఎర్రగా ఉంది. "కొట్టిందా?" అన్నాను. "ఒకటి. సరిపోయింది" అంది. తిరిగి కొట్టలేదట.

నేను మారిపోయానని రాస్తే నువ్వు నమ్మవు, నమ్మొద్దు కూడా. మొన్న అన్నం పళ్ళెం ముందు ఎదురు మాట్లాడింది. చెయ్యి లేచింది. దాని మొహం దాకా వెళ్ళింది. అది కదల్లేదు, కళ్ళు మూయలేదు. "కొట్టు. కొడితే నవల మిగతాది చదవను" అంది.

మీ మరదలు నా మొహం చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు ఆపుకోవడానికని తర్వాత తెలిసింది. చెయ్యి దించాను. ఏం చెయ్యను అక్కా, అప్పటికి నలుగురు పోయారు, ఐదో మనిషి మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

రోజూ పనినుంచి వచ్చి చేతులు కడుక్కోగానే ఇద్దరం కూర్చుంటున్నాం. చంపింది వంటమనిషి అని మీ మరదలు పంతం. నేను డాక్టరంటాను. ఆ కత్తి దింపిన తీరు పని తెలిసినవాడిది, వంటమనిషి చెయ్యి కాదు. పిల్ల ఎప్పుడో నాలుగు పేజీలు ముందే చదివేసుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుంటోంది. అడిగితే, "తర్వాత ఏమైందో తర్వాత" అంటుంది.

వచ్చే సెలవుల్లో నిన్ను రమ్మంటోంది. నేనూ వద్దనను. ఎదురుపడ్డాక ఏమవుతుందో నాకు తెలీదు, అరుచుకుంటామేమో. తలుపు కొత్తది పెట్టించాను, గట్టిదే.

ఒక్క మాట. ఆ పుస్తకం కుట్టింది నువ్వు గనక చివరి పేజీ చూసే ఉంటావు. చంపిందెవరో నాకు రాయకు. పిల్లే చెప్పాలి.

నీ తమ్ముడు